చెట్టెక్కే కళ్ళి, బండెక్కే కళ్ళి

ఈ నెల చెట్టు గురించి రాస్తాను. మిల్లు సంగతులు రాసీ రాసీ నాకే విసుగొచ్చింది, చదివే మీకు రాకుండా ఉంటుందా.

మా ఇంటి వెనకాల బ్రహ్మకమలం ఒకటి ఉండేది. మా ఇంటామె పెట్టింది. లైను ఇండ్లు ఖాళీ చేయమన్నప్పుడు సామానంతా బండికెక్కించినాక, పక్కింటి వదినని అడిగి ఒక ఆకు తుంచి, తడిగుడ్డలో చుట్టి, ఒళ్ళో పెట్టుకొని తుడియలూరు దాకా తెచ్చింది. పాత నూనె డబ్బాలో నాటింది. మూడో ఏడు పూసింది. ఆ రాత్రి వీధిలో ఒక్కరినీ పడుకోనివ్వలేదు. రెండో షిఫ్టు ముగించి వచ్చిన పిల్లోళ్ళని కూడా పిలిచి చూపించింది. రాత్రి విచ్చుకున్న పువ్వు తెల్లారేసరికి మెడ వాల్చేస్తుంది కదా, అందుకని ఆమెకు అంత ఆత్రం.

ఆమె పోయిన మరుసటి ఎండాకాలం ఆ చెట్టును నేను చంపేసినాను. కావాలని కాదు. "కళ్ళి జాతే కదా, నీళ్ళెందుకు, ఎండ ఎంతైనా తట్టుకుంటుంది" అని ఎవరో అన్నారు. డబ్బాని మిద్దె మీదికెక్కించి, వారం పది రోజులకొక చెంబుడు నీళ్ళు పోసినాను. ముందు పచ్చ పోయి పసుపైంది, ఆ తర్వాత తెల్లమచ్చలు, మే నెల ముగిసేలోపల ఆకులు కాగితమైపోయినాయి.

వ్యవసాయం చదివే మా మేనల్లుడు వచ్చి చూసి, "మామా, ఇది కళ్ళి కుటుంబమే, కాని ఎడారి కళ్ళి కాదు, అడవి కళ్ళి" అన్నాడు. ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. వాడు వచ్చినప్పుడంతా అడిగి అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. మనం ముళ్ళుండి దళసరిగా ఉండేదాన్నంతా కళ్ళి అంటాము, పెద్దోళ్ళు జెముడు అనేవాళ్ళు. అందులో రెండు వేరు వేరు కుటుంబాలున్నాయి. కంచెలకు పెట్టే సదరకళ్ళి, కాడజెముడు ఆముదం చెట్టుకు చుట్టాలు. తుంచితే పాలు కారుతాయి. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు, పిల్లలున్న ఇండ్లలో జాగ్రత్త. నాగజెముడూ మన బ్రహ్మకమలమూ వేరే కుటుంబం, అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. అవే అసలు కాక్టస్‌లు. ముల్లు గాని పువ్వు గాని మొలిచే చోట దూది ముద్ద లాంటి చిన్న మచ్చ ఉంటుంది చూడండి, అదీ గుర్తు. బ్రహ్మకమలం ఆకు అంచున గాట్లలో కూడా అది కనిపిస్తుంది. నిజానికి అది ఆకే కాదు, చదునైన కాండం. ఆకు మీద పువ్వెక్కడైనా పూస్తుందా? హిమాలయాల్లో బ్రహ్మకమలం అనే పువ్వు ఇంకొకటుంది, దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

కాక్టస్‌లు సుమారు 1,500 రకాలు. వాటిలో నూరుకు పైగా ఎడారిలో ఉండవు. వానపడే అడవుల్లో చెట్టు కొమ్మల సందుల్లోనో, బండ నెర్రెల్లోనో, కుళ్ళిన ఆకుల పొడి పిడికెడు దొరికితే దాంట్లో వేరు పెట్టుకొని బతుకుతాయి. బదనిక లాగా చెట్టు రసం తాగవు, ఊరికే చోటు అడుక్కుంటాయి. కొమ్మల నీడ, మంచు చెమ్మ, అప్పుడప్పుడూ వాన, ఇంతే వాటికి కావలసింది. నేను మిద్దె మీద పెట్టినదేమిటో ఇప్పుడు మీకు తెలిసింది.

చెట్టు మీద పెరిగేది ఒక జాతి, బండ మీద పెరిగేది ఇంకొక జాతి అని నేను మొదట అనుకున్నాను. అట్లా కాదట. ఒకటే జాతి ఒక చోట మాను మీదా, ఇంకొక చోట రాతి మీదా ఉంటుంది. తొట్టుల్లో అమ్మే క్రిస్మస్ కాక్టస్ బ్రెజిల్ కొండల్లో రెండిటి మీదా పెరుగుతుంది. చిరునామా చూసి వంశం చెప్పలేం కదా.

వంశం చెప్పడానికి దొరలు పడిన పాట్లు చూస్తే నవ్వొస్తుంది. 1753లో లిన్నేయస్ అనే స్వీడన్ పండితుడు తనకు తెలిసిన 22 రకాలనూ కాక్టస్ అనే ఒకటే పేరు కింద వేసినాడు. మన బ్రహ్మకమలాన్ని 1828లో డి కండోల్ అనే ఆయన స్తంభం లాంటి కళ్ళులతో కలిపి సీరియస్ అన్నాడు. మరుసటేడే హావర్త్ అనే ఇంగ్లీషాయన దాన్ని ఎపిఫిల్లంలో చేర్చినాడు. ఆకు మీద పూసేది అని ఆ పేరుకు అర్థం. ఆయనా మన లాగే ఆకనుకున్నాడు. క్రిస్మస్ కాక్టస్‌ను కూడా 1819లోనే ఆయన అదే పెట్టెలో వేసి ఉన్నాడు, రెండూ చదునుగా ఉన్నాయి కదా అని. దాని పేరు ఇప్పుడు ష్లుంబెర్గెరా, 1953 నుంచి ఆ పేరే నిలిచింది.

మిల్లులో పనిచేసినవాళ్ళకు దీన్ని వివరించనక్కరలేదు. నలభయ్యో నెంబరు నూలూ అరవయ్యో నెంబరు నూలూ పక్కపక్కన పెడితే కొత్తవాడికి తేడా తెలియదు. 120 గజాల లీ చుట్టి తూకం వేస్తే గుట్టు బయటపడుతుంది. ఒక కోన్ తప్పు పెట్టెలో పడితే గుడ్డలో గీత కనిపించేదాకా ఎవరికీ తెలియదు. కళ్ళులకు తూకం డీఎన్ఏ. అది వేసి చూస్తే, చెట్టెక్కిన కళ్ళులు ముఖ్యంగా రెండు ఇండ్ల నుంచి విడివిడిగా ఎక్కినాయని తేలింది. బ్రెజిల్ వైపు ష్లుంబెర్గెరా, రిప్సాలిస్ ఒక ఇల్లు. మెక్సికో, మధ్య అమెరికా వైపు ఎపిఫిల్లం, డిసోకాక్టస్, సెలెనిసీరియస్ ఇంకొక ఇల్లు. చదునైన ఒళ్ళు రెండిటికీ నీడలో బతికి బతికి వచ్చింది.

ఇప్పుడు బజార్లో అమ్ముతున్న డ్రాగన్ పండు ఈ రెండో ఇంటిదే. అది కూడా చెట్టుకు పాకే కళ్ళి, అందుకే తోటల్లో సిమెంటు కూసాలు నాటి పాకిస్తారు. 1830లో సీరియస్, 1918లో హైలోసీరియస్, 2017లో సెలెనిసీరియస్. పేరు మార్చుకోవడానికి దానికి గెజెట్టు ఖర్చు లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది రిప్సాలిస్. ముళ్ళు లేవు, చిలప విప్పి కొమ్మకు వేలాడదీసినట్టు పచ్చని దారాలు, తెల్లని చిన్న పండ్లు. అమెరికాలు దాటి తానంతట తాను ఇటువైపు అడవుల్లో పెరిగే కాక్టస్ అదొక్కటే. ఆఫ్రికాలో ఉంది, మడగాస్కర్‌లో ఉంది, మన పక్కనే సింహళంలోనూ ఉంది. పండు తిన్న పక్షులు గింజను సముద్రం దాటించి ఉంటాయని కొందరంటారు.

ఇవన్నీ ఎక్కడో దొరల దేశం సంగతులు అనుకోవద్దు. మన కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలోనే భారత వృక్ష పరిశోధన సంస్థ దక్షిణ కేంద్రం ఉంది. మద్రాసు హెర్బేరియం అక్కడే. ఎండబెట్టిన కొమ్మలను అట్టలకంటించి, పేరూ ఊరూ తేదీ రాసి బీరువాల్లో పెట్టి ఉంటారు. మరుదమలై రోడ్డులో ఇన్నేళ్ళు బస్సులో పోయినాను, లోపల ఇదొకటుందని తెలియదు.

పోయిన ఆడి నెలలో పాత లైను ఇండ్ల వదిన మనవరాలి పెండ్లికి పిలిచింది. పీళమేడు దగ్గర ఉంటారు ఇప్పుడు. భోంచేసి పెరట్లో చేతులు కడుక్కుంటుంటే గోడ నీడన అదే చెట్టు, మనిషెత్తు. "నీ పెండ్లాం అప్పుడు తీసుకపోయింది దీని ఆకే అబ్బయా" అన్నది వదిన. నేను చంపేసిన సంగతి చెప్పడానికి నోరు రాలేదు. ఆమే తెలుసుకొని, కత్తి తెచ్చి రెండు ఆకులు కోసి ఇచ్చింది.

కోసిన చోట ఆరడానికి వారం నీడన ఉంచినాను. తర్వాత కొబ్బరి పీచు, ఎండుటాకుల పొడి, కొంచెం ఇసుక కలిపి నాటి, వేపచెట్టు కొమ్మకు కట్టినాను. పొద్దున నీళ్ళు చిలకరిస్తాను, అడుగున నిలవనివ్వను. ఒక ఆకుకు పక్కన ఎర్రగా చిగురొకటి తొంగి చూస్తోంది. ఇంకొకటి ఇంకా ఆలోచిస్తోంది.