స్కాలర్‌షిప్ వచ్చేలోగా తమ్ముడు ఫార్మా షిఫ్టుకు వచ్చేశాడు



పరవాడ ఫార్మాసిటీలో పొద్దున్నే షిఫ్టు బస్సులు ఆగే చోట కాసేపు నిలబడి చూడండి. పాడేరు, చింతపల్లి, హుకుంపేట మాట వినబడుతుంది. వాళ్లలో డిగ్రీ మధ్యలో వదిలేసినవాళ్లు నాకే చాలామంది తెలుసు. ఎందుకు మానేశావురా అంటే ముందు "చదువు ఎక్కలేదన్నా" అంటారు. రెండో టీ తాగాక అసలు మాట వస్తుంది. ఫీజు.

మా రూమ్‌లో ఉండే తమ్ముడి సంగతే చెప్తాను. డిగ్రీ మూడో ఏడాది. స్కాలర్‌షిప్‌కి అప్లై చేశాడు, వేలిముద్ర వేశాడు, లిస్టులో పేరూ ఉంది. డబ్బు మాత్రం కాలేజీకి చేరలేదు. "ముందు నువ్వు కట్టు, వచ్చాక తిరిగిస్తాం" అని హాల్ టికెట్ ఆపేశారు. వాళ్ల నాన్నకి కాఫీ గింజలమ్మితే వచ్చింది అప్పుకే పోయింది. ఆర్నెల్లు పనిచేసి ఫీజు కట్టి పరీక్ష రాసుకుంటానని ఇక్కడికి వచ్చాడు. ఏడాదిన్నర అయింది.

అందుకే, మనవాళ్లకి స్కాలర్‌షిప్పుల గురించి తెలీదని మీటింగుల్లో చెప్పే మాట నాకు సగమే నిజం అనిపిస్తుంది. తెలిసినవాడు, పెట్టినవాడు, మంజూరైనవాడు కూడా మానేస్తున్నాడు. పరీక్ష అయిపోయాక వచ్చే డబ్బు ఎవరికి?

ఇదేం ఎవరి దయా కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008 తర్వాత వచ్చిందనే చాలామందికి తెలుసు. కానీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఎస్సీలకి 1944లోనే మొదలైంది, 1948లో ఎస్టీలకీ ఇచ్చారు. ఈరోజుకీ ఎస్టీల పథకంలో 75 శాతం కేంద్రం వాటా, 25 శాతం రాష్ట్రానిది. పేర్లే మారతాయి. విద్యా దీవెన అని తల్లుల ఖాతాల్లో వేశారు, ఇప్పుడు నేరుగా కాలేజీకే అంటున్నారు. బకాయి మాత్రం మీదంటే మీదని రెండు పార్టీలూ తిట్టుకుంటాయి. నాకైతే 'దీవెన' అన్న మాటే నచ్చలేదు. రాజ్యాంగం 46వ ఆర్టికల్‌లో మన చదువు ప్రభుత్వం బాధ్యత అని రాస్తే, దాన్ని అక్షింతలు చేసేశారు. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకైతే 2020 డిసెంబర్‌లో జీవో 77 తెచ్చి అదీ ఆపేశారు.

పెద్ద చదువులకు వేరే దారులున్నాయి, చెప్పుకోవాలి. ఐఐటీ, ఎన్ఐటీ లాంటి చోట్ల సీటొస్తే కేంద్ర గిరిజన శాఖ టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ ఉంది, కుటుంబ ఆదాయం 6 లక్షల లోపు ఉండాలి. పీహెచ్‌డీకి ఏటా 750 ఫెలోషిప్పులు. విదేశాలకు మాత్రం దేశం మొత్తానికి ఏడాదికి 20. 2011 లెక్కల్లోనే మనం 10 కోట్లు దాటాం. ఇరవై!

మన తప్పు కూడా ఒకటుంది. అడ్మిషన్ అయ్యాక కాగితాల వెంట పడతాం. పదో తరగతి మెమోలో 'వంతల', ఆధార్‌లో 'వంతాల' ఉంటే అక్కడే ఆగిపోతుంది. బ్యాంకు ఖాతాకి ఆధార్ లింక్ తెగిపోతే మన చేతికి రావాల్సిన హాస్టల్ డబ్బు వెనక్కి పోతుంది. పోస్ట్ మెట్రిక్‌కి ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదు, ఆ సర్టిఫికెట్ ముందే తీసిపెట్టుకోవాలి. రావికమతం, గొలుగొండ వైపు నాన్ షెడ్యూల్డ్ ఊళ్లలో కులం సర్టిఫికెట్‌కే నెలలు తిరుగుతున్నారు. అక్కడ మనవాళ్లు 5వ షెడ్యూల్ అడిగేది భూమి కోసమే కాదు, ఈ కాగితం కోసం కూడా.

ఒరిజినల్స్ దగ్గర పెట్టుకుని ఫీజు అడిగే కాలేజీలకి ఒక మాట. యూజీసీ 2018 అక్టోబర్‌లోనే ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగివ్వాలని నోటిఫికేషన్ ఇచ్చింది. ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకెళ్లండి, ఒక్కరే వెళ్లకండి. మనం అడగాల్సింది ఒకటే: ప్రభుత్వం కట్టాల్సిన ఫీజు బాకీ ఉన్నంతకాలం ఎస్టీ విద్యార్థి హాల్ టికెట్ ఆపకూడదని కలెక్టర్ గారు, ఐటీడీఏ పీవో గారు లిఖితపూర్వకంగా ఆర్డర్ ఇవ్వాలి. నోటిమాట వద్దు.

ఇంటర్ అయిన మీ తమ్ముళ్లు, చెల్లెళ్ల మెమో, ఆధార్ రెండూ పక్కపక్కన పెట్టి ఇవాళే చూడండి. పేరు తేడా ఉంటే ఈ పేజీకి ఫోటో పంపండి, నైట్ షిఫ్టు లేని రోజుల్లో నేను, మా రూమ్ వాళ్లు కూర్చుని చూస్తాం. ఆ తమ్ముడు కూడా ఉంటాడు. ఈసారి సప్లిమెంటరీ ఫీజు వాడిది మేమే కడుతున్నాం.