పొరుగువీధి చైనా హోటలు – మన కర్తవ్యం

జీతాలు వచ్చిన మరునాటి సాయంత్రం రైల్వే కాలనీ చివరనున్న చిన్న చైనా హోటలు నిండిపోతుంది. నాలుగు బల్లలు, గుమ్మానికి వేలాడే ఎర్ర కాగితపు దీపం, వీధి మొగన పొయ్యిమీద భగ్గుమనే ఇనుప మూకుడు. ఒక బల్ల వద్ద పాయింట్స్‌మన్ కుటుంబం, మరొక బల్ల వద్ద సార్టింగు పని ముగించుకొని వచ్చిన తపాలా సోదరులు. పిల్లలకు నూడిల్సు, పెద్దలకు చిల్లీ చికెను, శాకాహారులకు గోబీ మంచూరియా. ఇంత సామాన్యమైన విషయం సంఘ పత్రికలో చర్చింపదగినదా అని కొందరు సోదరులు సందేహించవచ్చు. చర్చింపదగినదేనని మా దృఢాభిప్రాయం.

ఆ పళ్ళెంలోని వంటకం చైనా నుండి ఓడలో దిగుమతి అయినది కాదు. ఈ దేశంలోనే, శ్రమజీవుల చేతులలోనే రూపుదిద్దుకొన్నది. పద్దెనిమిదవ శతాబ్ది చివరి పాదంలో అచ్యూ అనే చైనీయుడు కలకత్తాకు దిగువన హుగ్లీ నది ఒడ్డున చక్కెర మిల్లు నెలకొల్పాడు. అతని పేరుమీదనే ఆ ఊరు అచీపూర్ అయినది. అతని తరువాత వచ్చినవారిలో కాంటన్ ప్రాంతీయులు వడ్రంగంలోను, హక్కావారు తోళ్ళు పదునుచేయడంలోను, పాదరక్షల తయారీలోను స్థిరపడ్డారు. కలకత్తాలోని టిరెట్టా బజారు, టాంగ్రా వారి పేటలు. వారి ఇంటి వంటకు ఇక్కడి మిరపకాయ, అల్లం, వెల్లుల్లి తోడై నేటి రుచి ఏర్పడినది. కలకత్తా తోళ్ళ కార్ఖానాలు నగరం వదలి వెళ్ళవలెనని 1996లో సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత టాంగ్రాలో అనేక కుటుంబాలకు హోటలే జీవనాధారమైనది. మంచూరియా అనే వంటకం సైతం కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయిలో చేసినదని ప్రతీతి. ఖరగ్‌పూర్ రైల్వేలో తరతరాలుగా పనిచేస్తున్న మన తెలుగు కుటుంబాల వంటి వలసజీవులే వారును.

అట్టి ఇరుగుపొరుగువారి పట్ల 1962లో ఏమి జరిగినదో నేటి యువ సభ్యులలో చాలామంది ఎరుగరు. ఆ సంవత్సరం అక్టోబరు, నవంబరు మాసాలలో చైనాతో యుద్ధం జరిగినది. భారత రక్షణ చట్టం క్రింద అస్సాంలోని మాకుం, మేఘాలయ నేటి రాజధాని షిల్లాంగు, డార్జిలింగు మొదలైన చోట్ల నుండి సుమారు 3000 మంది చైనా సంతతివారిని, స్త్రీలు, వృద్ధులు, పసిపిల్లలతో సహా నిర్బంధించి రాజస్థాన్‌లోని దేవలీ శిబిరానికి తరలించారు. వీరిలో అనేకులు ఇక్కడే పుట్టి పెరిగినవారు. ఎవరి మీదను విచారణ జరుగలేదు. కొందరు 1967 వరకు బయటి ప్రపంచం చూడలేదు. తిరిగి వచ్చినవారిలో పలువురికి ఇల్లూ దుకాణమూ వేలంలో పోయి ఉన్నాయి.

వారిని అస్సాం నుండి దేవలీ దిశగా తీసుకొనిపోయినది రైలు. ఆ ప్రయాణం దాదాపు వారం రోజులు సాగిందని, దారిలో కొన్ని స్టేషన్లలో జనం రాళ్ళు రువ్వారని ఆనాటి బాధితులు చెప్పియున్నారు. ఆ రైలుకు లైను క్లియరు ఇచ్చినవారు, పాయింట్లు మార్చినవారు, ఇంజనులో బొగ్గు వేసినవారు మన అన్నలే. వారు ఉత్తర్వులకు లోబడిన ఉద్యోగులు. వారిని మేము నిందించుట లేదు. కాని ఆ బండిలో పోతున్నది శత్రువు కాదు, మనవంటి వడ్రంగి, మనవంటి చెప్పులు కుట్టేవాడు అని చెప్పగలిగిన గొంతు ఆనాడు బలంగా వినిపించలేదన్న సంగతిని దాచుకొనరాదు.

దేవలీ పేరు కార్మికోద్యమానికి కొత్తది కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిషు ప్రభుత్వం డాంగేను, రణదివేను, తరువాతి కాలంలో అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ అధ్యక్షుడైన జయప్రకాశ్ నారాయణ్‌ను నిర్బంధించినది అక్కడనే. ఇక 1974 మే మాసంలో మన రైల్వే సమ్మెను చట్టవిరుద్ధమని ప్రకటించడానికి, వేలాదిమందిని అరెస్టు చేయడానికి ప్రభుత్వం ప్రయోగించినవాటిలో భారత రక్షణ నిబంధనలు ముఖ్యమైనవి. పొరుగువాని తలుపు తట్టిన అధికారమే పన్నెండేళ్ళకు మన క్వార్టర్ల తలుపు తట్టినది. ఈ పాఠాన్ని మనం మరువరాదు.

ద్వేషం ఎంత సులభంగా మేల్కొంటుందో తరువాతి చరిత్ర తెలుపుతున్నది. 2012 ఆగస్టులో వదంతులకు భయపడి ఈశాన్య రాష్ట్రాల యువకులు వేల సంఖ్యలో బెంగుళూరు విడిచిపోతూంటే గౌహతికి ప్రత్యేక రైళ్ళు నడుపవలసివచ్చినది. 2020 జూన్‌లో గల్వాన్ ఘర్షణ తరువాత చైనా వంటకాలమ్మే హోటళ్ళను నిషేధించాలని ఒక కేంద్రమంత్రే పిలుపునిచ్చారు. ఆ నిషేధం వలన పెకింగుకు కలిగే నష్టమేమి? పొట్టపోయేది మన వీధిలోని వంటవానికే.

ఆ వంటవాడెవరు? నేడు మన పట్టణాలలోని ఇట్టి హోటళ్ళలో మూకుడు పట్టుకొనువారు ఎక్కువగా నేపాలు, డార్జిలింగు కొండలు, ఈశాన్య రాష్ట్రాల నుండి వచ్చిన యువకులు. మన రైలు పెట్టెలలోనే కిక్కిరిసి వచ్చినవారు. మధ్యాహ్నం నుండి అర్ధరాత్రి వరకు నిప్పుల ముందు నిలబడతారు. వారానికి 48 గంటలు మించితే అదనపు వేతనం, వారానికొక సెలవు అని దుకాణాల చట్టం చెపుతున్నది. ఆ మాట వారి చెవిన వేసే నాథుడు లేడు. ఎనిమిది గంటల పనిదినం కోసం పోరాడిన మనం, వారి పన్నెండు గంటల శ్రమను చవకగా ఆరగించి చేయి కడుగుకొని పోవుట తగునా?

సోదరులారా, ఆ హోటలు మాని ఇంట కూర్చొనవలెనని మేము కోరుట లేదు. తప్పక వెళ్ళండి, పిల్లలను తీసుకొనిపొండి. అయితే ఆ వంటవానిని పేరు పెట్టి పలుకరించండి. ముఖం చూసి ‘చింకీ’ అని ఎగతాళి చేసే నోటిని అక్కడికక్కడే మందలించండి. సెలవు, వేతనం విషయమై అతనికి సందేహముంటే స్థానిక శాఖా కార్యాలయానికి తోడ్కొని రండి. హోటలు కార్మికులను సంఘటితపరచే బాధ్యతను శాఖలు తమ కార్యక్రమంలో చేర్చుకోవాలి. దేవలీ బాధితులు కోరుతున్న క్షమాపణను ప్రభుత్వం తెలుపవలెనని మన మహాసభలు తీర్మానించాలి.

మరొక మారు అట్టి రైలుకు ఎవరైనా పచ్చజెండా ఊపమంటే, ఈసారి మన గొంతు వినిపించాలి.