కోడిగ్రుడ్డు ఎవరు తినాలి? ఎవరు మానాలి?

మొన్న వేసవిలో మా ఓ.పి.కి ఒక రిటైర్డు మాస్టారు వచ్చారు. ఏడాది క్రితం గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకున్న మనిషి. నెలనెలా మాత్రలకోసం వస్తూ వుంటారు. ఈసారి వెంట కోడల్ని కూడా తీసుకువచ్చారు. ఆ అమ్మాయికి ఆరో నెల. నేను బి.పి. చూసి చీటీ రాస్తూ వుంటే మాస్టారు కొంచెం గర్వంగానే చెప్పారు: "గుండెపోటు వచ్చిన నాటినుంచీ మా ఇంట్లోకి కోడిగ్రుడ్డు రానివ్వలేదండీ డాక్టరుగారూ! నేనొక్కణ్ణే కాదు, ఇంటిల్లిపాదీ మానేశాం."

నా చూపు కోడలి మీద పడింది. క్రింది కనురెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి వుంది. కార్డులో హిమోగ్లోబిన్ 8 గ్రాములని రాసి వుంది. "అంగన్‌వాడీలో గ్రుడ్లు ఇస్తున్నారా అమ్మా?" అని అడిగాను. "ఇస్తున్నారండీ. పక్కింటి పిల్లలకి ఇచ్చేస్తున్నాం" అన్నది మెల్లిగా. "కడుపుతో వున్నప్పుడు వేడి చేస్తుంది కదండీ, అందులోనూ ఎండాకాలం" అని మామగారు అందుకున్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చొక్కా జేబులోంచి సిగరెట్టు పెట్టె తొంగి చూస్తోంది.

గ్రుడ్డు మంచిదా, చెడ్డదా అని నన్ను అడిగేవాళ్ళు చాలామంది. నేను ముందు "ఎవరికి?" అని అడుగుతాను. ఎందుకంటే మన ఇళ్ళలో తరచు జరుగుతున్నది ఇదే. జబ్బు ఒకరిది, పథ్యం మరొకరిది.

అసలు గ్రుడ్డులో ఏముందో చూద్దాం. పెంకు తీసేస్తే మిగిలేది సుమారు 50 గ్రాములు. అందులో మాంసకృత్తులు 6 గ్రాములు, క్రొవ్వు 5 గ్రాములు, శక్తి 70 కాలరీల పైచిలుకు. ఆరు గ్రాములేనా అనుకోకండి. ఆ మాంసకృత్తులు చాలా మేలురకం, దాదాపు మొత్తం ఒంటికి పడతాయి. మనం మూడు పూటలా తినే అన్నంలో లైసిన్ అనే పదార్థం తక్కువ. గ్రుడ్డు ఆ లోటు తీరుస్తుంది. పప్పు కూడా తీరుస్తుందనుకోండి. తెల్లసొన అంతా మాంసకృత్తులూ నీళ్ళే. ఏ, డి, బి12 విటమిన్లలో చాలా భాగం పసుపుసొనలో వున్నాయి. కొలెస్టరాల్ కూడా అక్కడే వుంది, ఒక్కో గ్రుడ్డుకు సుమారు 200 మిల్లీగ్రాములు. సి విటమినూ పీచు పదార్థమూ గ్రుడ్డులో లేవు. గ్రుడ్డు తిన్నాం కదా అని ఆకుకూర మానడానికి వీల్లేదు.

ఇక ఆ కొలెస్టరాల్ సంగతి. 1913లో రష్యాలో అనిచ్‌కోవ్ అనే శాస్త్రజ్ఞుడు కుందేళ్ళకు కొలెస్టరాల్ మేపి చూశాడు. వాటి రక్తనాళాల్లో క్రొవ్వు పేరుకున్నది. కుందేలు గడ్డి తినే జంతువు. దానికి పుట్టి బుద్ధెరిగి అలవాటు లేని తిండి అది. అయినా అనుమానం మాత్రం మనుషులమీదికీ పాకింది. 1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారు వారానికి మూడు పసుపుసొనలకు మించి తినవద్దన్నారు. రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ మించకూడదన్న లెక్క వైద్య విద్యార్థులందరికీ కంఠతా వచ్చింది. నేనూ అదే వల్లించి పరీక్ష పాసయ్యాను, రోగులకు అదే చెప్పాను. 2015 తరువాత వచ్చిన అమెరికా ప్రభుత్వ ఆహార సూచనల్లో ఆ లెక్కను తీసివేశారు. తీసివేశారంటే ఎంతైనా తినవచ్చునని కాదు, ఆ గీత అక్కడే గీయడానికి తగిన ఆధారం లేదని.

కారణం ఏమిటంటే, మన రక్తంలో తిరిగే కొలెస్టరాల్‌లో ఎక్కువ భాగం మన శరీరమే తయారు చేసుకుంటుంది. తిండిలోంచి ఎక్కువ వస్తే చాలామందిలో లివరు తన తయారీ తగ్గించుకుంటుంది. పైగా లివరు కణాలమీద, రక్తంలోని చెడ్డ కొలెస్టరాల్‌ను పట్టి లోపలికి లాక్కునే ఏర్పాటు ఒకటి వుంది. దీన్ని కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు డాక్టర్లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. వనస్పతి, వెన్న, పామాయిలు, వేటమాంసంలోని క్రొవ్వు మితిమీరి తింటే రక్తంలో చెడ్డ కొలెస్టరాల్ పెరుగుతుంది. ఆ పెరుగుదలకు గ్రుడ్డులోని కొలెస్టరాల్ కంటే ఈ క్రొవ్వులే ఎక్కువ కారణం. గ్రుడ్డులో ఈ రకం క్రొవ్వు ఒకటిన్నర గ్రాము మాత్రమే. గ్రుడ్డు మానేసి, సాయంత్రం బేకరీ పఫ్‌లు తినే పెద్దమనిషి దేన్ని తప్పించుకున్నట్లు?

అయితే అందరి శరీరాలూ ఒక్కలాగ వుండవు. 1991లో ఒక అమెరికా వైద్యపత్రిక 88 ఏళ్ళ వృద్ధుడి ముచ్చట ప్రచురించింది. ఆయన రోజూ పాతిక గ్రుడ్లు తినేవాడు, రక్తంలో కొలెస్టరాల్ మామూలుగానే వుండేది! ఆయన ప్రేగులు దాన్ని తక్కువగా పీల్చేవి, పీల్చినదాన్ని శరీరం పైత్యరసంగా మార్చి బయటికి పంపేది. ఇది చదివి ఎవరూ పాతిక గ్రుడ్లు మొదలుపెట్టకండి. దీనికి భిన్నంగా, రెండు గ్రుడ్లు తింటేనే కొలెస్టరాల్ పెరిగేవాళ్ళూ వున్నారు. ఎవరు ఏ రకమో ముఖం చూసి చెప్పలేం, రక్తపరీక్ష చేయించాలి.

ఆరోగ్యవంతులు రోజుకొక గ్రుడ్డు తింటే గుండెజబ్బు పెరగలేదని 1999లో వచ్చిన ఒక పెద్ద పరిశీలన తేల్చింది. కాని అందులోనే మధుమేహం వున్నవారి విషయంలో అనుమానం కనిపించింది. 2019లో వచ్చిన మరొక అమెరికా పరిశీలన, గ్రుడ్లు ఎక్కువగా తినేవారిలో గుండెజబ్బు కొంత ఎక్కువని చెప్పింది. అక్కడ గ్రుడ్డు పక్కనే పందిమాంసం, వెన్న వుంటాయి కాబట్టి తప్పు ఎవరిదో విడదీయడం కష్టం. నా మటుకు నేను, ఆరోగ్యంగా వున్నవారికి రోజుకు ఒకటి, మధుమేహం గాని గుండెజబ్బు గాని వున్నవారికి పసుపుసొనతో వారానికి మూడు నాలుగు అని చెబుతున్నాను. తెల్లసొనకు ఆ అడ్డు లేదు. మూత్రపిండాల జబ్బు వున్నవారు మాత్రం తెల్లసొన విషయంలోనూ తమ డాక్టరును అడిగి తినాలి.

వేడి సంగతి చెప్పాలి. గ్రుడ్డు తిన్నందువల్ల జ్వరం రాదు, గర్భానికి హాని లేదు. మాంసకృత్తులు అరిగేటప్పుడు ఒంట్లో కొద్దిపాటి వేడి పుట్టడం నిజమే. అది పప్పు తిన్నా పుడుతుంది. మే నెలలో మూత్రం మంటగా వుంటే ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగారో లెక్క చూసుకోండి. ఇంతకంటే నష్టం చేసే నమ్మకం ఇంకొకటి వుంది. ఆపరేషన్ అయినవారికి పప్పు, గ్రుడ్డు పెడితే చీము పడుతుందంటారు. గాయం మానడానికి కావలసినవే మాంసకృత్తులు. కుట్లు వేసిన బాలింతకు కారప్పొడి అన్నం పెట్టి, గ్రుడ్డును పురిటిగది గడప దాటనివ్వని ఇళ్ళు ఎన్నో చూశాను. క్షయ రోగికి, ఎదిగే పిల్లలకు, పళ్ళూడి మాంసం నమలలేని ముసలివారికి గ్రుడ్డు వంటి సులువైన బలం తక్కువ. ఆరు నెలలు నిండిన పసివాడికి బాగా ఉడికించి, మెదిపి కొంచెంతో మొదలుపెట్టవచ్చు. ఒళ్ళు దద్దురులు లేచినా, పెదవులు వాచినా ఆపి వెంటనే చూపించాలి.

తరతరాలుగా గ్రుడ్డు ముట్టనివారు మొదలుపెట్టి తీరాలని నేననను. పాలు, పెరుగు, పప్పులు, శనగలు, వేరుశనగలు చాలినంత తింటే చాలు.

కసరత్తు చేసే కుర్రాళ్ళు పచ్చిగ్రుడ్డు పాలల్లో కొట్టుకుని తాగుతారు. అది దండగ. పచ్చిగ్రుడ్డులోని మాంసకృత్తులు సగం వరకే ఒంటికి పడతాయి, ఉడికిస్తే తొంభై పాళ్ళు పడతాయి. పచ్చి తెల్లసొన రోజుల తరబడి తాగితే బయోటిన్ అనే విటమిన్ అందకుండా పోతుంది. సాల్మొనెల్లా అనే క్రిమివల్ల వాంతులు, విరేచనాలు రావచ్చు. పగిలిన గ్రుడ్లు కొనవద్దు, పెంకు ముట్టుకున్న చేయి కడుక్కోండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్ళకు బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఊరూరా గ్రుడ్లు మానేశారు. సొన గట్టిపడేదాకా ఉడికిస్తే ఆ క్రిమి కూడా చస్తుంది. నీళ్ళు మరిగాక పదినిమిషాలు చాలు. మరీ ఎక్కువసేపు ఉడికిస్తే పసుపుసొన చుట్టూ పచ్చటి వలయం వస్తుంది, దానివల్ల హాని లేదు.

నాటుకోడి గ్రుడ్డు బలమని రెట్టింపు ధర పెట్టేవాళ్ళున్నారు. పెంకు రంగు కోడి జాతినిబట్టి, సొన రంగు మేతనుబట్టి వస్తాయి. బలంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ డబ్బుతో పిల్లలకు జామకాయలు కొనండి.

మాస్టారికి ఇవన్నీ చెప్పేసరికి బయట వరస పెరిగిపోయింది. కోడలికి ఇనుము మాత్రలు రాసి, వాటితోపాటు టీ తాగవద్దన్నాను. గ్రుడ్డులోని ఇనుము ఒంటికి పట్టేది తక్కువ కాబట్టి, గ్రుడ్డు తింటున్నాం కదా అని మాత్రలు మానవద్దని కూడా చెప్పాను. రోజుకొక గ్రుడ్డు నా ఎదుటే ఒప్పించాను. "మరి నాకో?" అన్నారు మాస్టారు. "మీకు వారానికి మూడు, ఆ జేబులోది మానేస్తే" అన్నాను.

నెల తరువాత కోడలి హిమోగ్లోబిన్ 9.4కు వచ్చింది. అంగన్‌వాడీ గ్రుడ్డు తనే తింటున్నదట. మాస్టారి జేబులో పెట్టె కనబడలేదు. చేతిసంచిలో వుందేమో నేను అడగలేదు.