ఈగకు లేని సిగ్గు

ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరు మరచిపోయిన ఈగ కథను వినకుండా పెరిగిన బిడ్డ తెలుగునాట పూర్వం అరుదు. పాపం, ఆ ఈగ అవ్వను అడిగింది. అవ్వ కొడుకును అడిగింది. వాని చేతిలోని గొడ్డలిని అడిగింది. గొడ్డలి నరికే చెట్టును అడిగింది. చెప్పే నోటిని బట్టి నడుమ దారి మారుతుంది గాని ముగింపు మారదు. గుర్రం కడుపులోని పిల్ల ‘ఇహిహీ’ అని సకిలించి నవ్వగా, ఆ నవ్వులో ఈగకు తన పేరు దొరికింది.

ఈ కథ చెప్పేవారు అవ్వలు, తాతలు. వినేవారు ఐదారేళ్ళ పసివారు. మరపు అంటే ఏమిటో ఎరుగని వారికి, మరపుతో కాపురం చేసేవారు చెప్పే కథ ఇది. అందులోనే ఒక చమత్కారం ఉన్నది. ఈగ తెలివైనదని కథలో ఎక్కడా లేదు. కాని దానికొక గొప్ప గుణం ఉన్నది. పేరు మరచినందుకు అది సిగ్గుపడలేదు. తలుపు వేసుకొని మూల కూర్చోలేదు. కనిపించిన వారినెల్ల అడిగింది. వయసు మీరిన మనుష్యునకు ఇంతకంటె పనికివచ్చే నీతి శతకాలలో వెదకినా దొరకడం కష్టం.

మరపు ఈనాటి జబ్బేమీ కాదు. పల్నాడు జిల్లాలోని నాదెండ్లనే తీసుకొన్నా, మరపును జయించడానికి పూర్వులు పడిన పాట్లు ఆ ఊరి పేరు చుట్టూనే కనిపిస్తాయి. అక్కడి మూలస్థానేశ్వరాలయంలో ప్రాచీన శాసనాలున్నవి. దాత ఏమి ఇచ్చాడో పుచ్చుకొన్నవాడు మరవకుండా, దాత మనుమడు అసలే మరవకుండా, రాతిమీద చెక్కించే ఆచారం అది. నాదెండ్ల ఇంటిపేరుగల అప్పామాత్యుడు మహామంత్రి తిమ్మరుసుకు మేనల్లుడు. అతడు మాదయగారి మల్లన చేత రాజశేఖర చరిత్రమును అంకితం పొందినాడు. అతని సోదరుడు గోపమంత్రి, కృష్ణదేవరాయలు 1515లో జయించిన కొండవీటి సీమకు అధికారి అయినాడు. రాజ్యం పోయినది, కోట శిథిలమైనది; కృతిభర్త పేరు మాత్రం కావ్యంలో చెక్కుచెదరలేదు. మరి శాసనం చెక్కించే స్తోమతు లేనివారు, కవి దొరకనివారు ఏమి చేశారు? కొంగున ముడి వేసుకొన్నారు. సంతలో ఆ ముడి చూచుకొని, ‘ఇది దేనికి వేశానే వదినా?’ అని పక్కవారిని అడిగిన ఇల్లాలు ప్రతి ఊరిలోనూ ఒకరుండే ఉంటారు. శాసనానికైనా ముడికైనా మూలం ఒకటే. మానవుడు తన జ్ఞాపకాన్ని తానే పూర్తిగా నమ్మలేదు.

నేడు ముడికి బదులు చేతిఫోను వచ్చింది. పుట్టినరోజులు, మందుల వేళలు, మనుమల నెంబర్లు అన్నీ అందులోనే భద్రంగా ఉంటాయి. ఫోను ఎక్కడ పెట్టామన్నది మాత్రం అందులో ఉండదు. పింఛను పుచ్చుకొనే పెద్దలు తాము సజీవులమని ఏటేటా ధ్రువపత్రం సమర్పించాలి. ఆ సంగతి మరచినవారు ఖజానా లెక్కలో కొన్నాళ్ళు కీర్తిశేషులై, తిరిగి వేలిముద్ర వేసి బ్రతికి వస్తారు. నుదుటిమీదికి తోసిన కళ్ళజోడు కోసం ఇల్లంతా వెదికే తాతగారి సంగతి చెప్పనే అక్కరలేదు. ఇంటిల్లిపాదికీ అది ఎక్కడున్నదో తెలుసు. వారు ఆలస్యంగా చెప్పడానికి కారణం నిర్దయ కాదు, వినోదం.

అన్నిటికంటె మొండివి పేర్లు. ఎదుటివాడు నవ్వుతూ నమస్కరిస్తాడు. వాని తండ్రి ఎవరో, వాని పొలం ఏ చెరువు కిందనో, ఏ సంవత్సరం మిరపలో నష్టపోయాడో, అన్నీ గుర్తుకు వస్తాయి, పేరు రాదు. నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఈ ‘నోటిదాకా రావడం’ మీద అమెరికాలో ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1966లో ఒక పరిశోధన ప్రకటించారు. మాట దొరకకపోయినా దాని మొదటి అక్షరమో, దాని నిడివియో మనసుకు తెలుస్తూనే ఉంటుందని వారు కనుగొన్నారు. 1987లో ఇంగ్లండులో వెలువడిన మరొక పరిశోధనలో ఒక ముఖం చూపి ఇతడు రొట్టెలు చేసేవాడంటే జ్ఞాపకముండేది. అదే మాటను ఇంటిపేరుగా చెబితే జారిపోయేది. వృత్తికి అర్థమున్నది, దాని చుట్టూ వాసన, రుచి, పనిముట్టు ఉన్నవి. పేరు ఒట్టి చీటీ వంటిది. గాలికి ముందుగా లేచిపోయేది చీటీయే గదా!

పరిశోధనలు లేకుండానే తెలుగు పల్లె ఈ చిక్కును ఏనాడో పరిష్కరించింది. అందరినీ వరుస పెట్టి పిలుస్తుంది. ‘బాబాయ్’, ‘మామా’, ‘అక్కయ్యా’, ‘వదినా’ అంటే చాలు; పేరు గుర్తుండనక్కరలేదు, మర్యాదకు లోటూ లేదు. ఉద్యోగం విరమించిన మాస్టారు ఒకరు బొడ్రాయి దగ్గర పూర్వశిష్యుని కలుసుకొన్నారనుకొందాం. ‘ఏరా అబ్బాయ్, ఎప్పుడొచ్చావు?’ అన్నంతలో సగం గండం గడుస్తుంది. ‘నన్ను గుర్తుపట్టారా మాస్టారూ?’ అని ఆ శిష్యుడు మిగిలిన సగం గండం తెచ్చిపెడతాడు. అప్పుడు తెలిసినట్లు నటించే మాస్టారు పది నిమిషాలు చెమటలు కక్కుతారు. ‘నీ పేరు మరచానురా, నీ అల్లరి మాత్రం మరవలేదు’ అనే మాస్టారు తానూ నవ్వుతారు, శిష్యునీ నవ్విస్తారు. ఆ శిష్యుడు పేరు తానే చెప్పి, పాత అల్లరి మరొకటి జ్ఞాపకం చేసి వెళ్తాడు. ఒక పేరు అడిగినవారికి ఒక సాయంకాలం దక్కింది.

అయితే అవధానాలు పుట్టిన జాతికి మరపు అవమానం కాదా అని కొందరు అడగవచ్చు. నరసరావుపేట ప్రాంతానికి చేరువనున్న కొప్పరంలో పుట్టిన కొప్పరపు సోదరకవులు ఆశుకవిత్వంతో, అవధానాలతో సభలను ఊపినవారు. అంతటి ధారణను చూచి చప్పట్లు కొట్టిన జాతి, ఉప్పు తేవడానికి వెళ్ళి పప్పుతో తిరిగి వచ్చినవానిని ఎట్లా క్షమిస్తుంది? కాని అవధాన సభను మరొకసారి పరికించి చూడాలి. అష్టావధానంలో ఒక పృచ్ఛకుని పని కేవలం అప్రస్తుత ప్రసంగం. నిషిద్ధాక్షరి నడుమ, సమస్యాపూరణం నడుమ, అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడానికే అతడు కూర్చుంటాడు. అవధాని అతనిపై కోపగించడు. చమత్కారంగా ఒక జవాబు విసరి, సభను నవ్వించి, తిరిగి పద్యం అందుకొంటాడు. వృద్ధునకు లోకమంతా అప్రస్తుత ప్రసంగమే. గదిలోకి ఎందుకు వచ్చాడో ఆలోచించే లోపల పాలవాడు పిలుస్తాడు, ఫోను మ్రోగుతుంది, కుక్క మొరుగుతుంది. పద్యం పోయినా చమత్కారం మిగుల్చుకొన్నవాడు సభ గెలిచినట్లే. పైగా, అవధాని చుట్టూ ఎనిమిదిమంది ఉంటారు. ఒంటరిగా అవధానం చేసినవాడు లేడు.

ఆంగ్ల రచయిత చెస్టర్టన్ ఒకసారి ఏదో ఊరిలో దిగి, తానెక్కడ ఉండవలసినదీ తెలియక భార్యకు తంతి కొట్టాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. 1936లో వెలువడిన ఆత్మకథలో ఆయనే ఆ ముచ్చట ప్రస్తావించి, అది నిజమో కాదో తనకు జ్ఞాపకం లేదన్నాడు! తన మతిమరుపు కథనే మరచిపోయి, ఆ మరపును కూడ పాఠకులతో పంచుకొన్నవానిని ఇక ఎవరు ఎగతాళి చేయగలరు? మొదట నవ్వే హక్కు మరచినవానిదే. అతడు నవ్విన తరువాత ఇంటివారు నవ్వవచ్చు. అంతకు ముందు నవ్వితే అది హాస్యం కాదు, గాయం. ‘చాదస్తం’ అనే ఒక్క మాటతో ఎందరు పెద్దలు నోరు మూసుకొన్నారో!

నవ్వుకొక హద్దు కూడ ఉన్నది. తాళంచెవి ఎక్కడ పెట్టాడో మరవడం వేరు. తాళంచెవి దేనికో మరవడం వేరు. నలభై ఏళ్ళు నడచిన వీధిలో దారి తప్పడం, చెప్పిన మాటే గడియకొకసారి చెప్పడం, రూపాయల లెక్క చిక్కుపడడం నవ్వి ఊరుకొనవలసినవి కావు. భారతదేశంలో అరవై దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అనగా సుమారు 88 లక్షలమంది, మతిని హరించే వ్యాధితో ఉన్నారని 2023లో వెలువడిన అంచనా. అది వార్ధక్యం కాదు, వ్యాధి. థైరాయిడ్ లోపం, బి12 విటమిను లోపం, మనోవ్యాకులత, కొన్ని మందుల ప్రభావం కూడ మరపు తెస్తాయి. వాటికి చికిత్స ఉన్నది. మరపును దాచుకొనేవాడు వైద్యుని దగ్గరకు ఆలస్యంగా వెళ్తాడు. నవ్వుతూ చెప్పుకొనేవాని సంగతి నలుగురికీ తెలిసి ఉంటుంది గనుక, తేడా వచ్చిననాడు ఆ నలుగురే పసిగడతారు. హాస్యం ఔషధం కాదు. కాని అది తలుపు తెరచి ఉంచుతుంది.

పి. సత్యవతిగారి ‘ఇల్లలకగానే’ కథలో ఒక గృహిణి ఇల్లు అలికి అలికి తన పేరే మరచిపోతుంది. ఇంటిలో అందరూ ఆమెను వరుసతోనే పిలుస్తారు. పేరుతో పిలిచేవారు లేరు. చివరకు చిన్ననాటి స్నేహితురాలు పిలిస్తేనే పేరు తిరిగి వస్తుంది. వరుసలు మరపును కాపాడతాయి, నిజమే. కాని పేరు పిలిచే తోడు లేనినాడు మనిషి తనను తానే మరచిపోతాడు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడగా, పెద్ద ఇంటిలో ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రులు నేడు పల్లె పల్లెనా ఉన్నారు. వారు ఒక మాట మరచిపోతే అందించేవారు లేరు. అందుకోసం ఫోనులో గడియారం మ్రోగించడం చాలదు. ఆదివారం పూట మాట్లాడే కొడుకు కూడ నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడాలి.

ఈగ అంత దూరం తిరగగలిగినది, అడగడానికి దారిపొడుగునా ఎవరో ఒకరు ఉండబట్టే. అవ్వ లేకపోతే, చెట్టు లేకపోతే, చివరకు ఆ గుర్రపుపిల్ల లేకపోతే, దానికి సిగ్గు లేకపోయినా ఏమి లాభం? అడగడం పెద్దల వంతు. పేరు అందిస్తూ నవ్వడం పిన్నల వంతు.