రెండు మందులు ఓడాక కాలయాపన నేరం

సైదాబాద్ చౌరస్తాలో ఎవరైనా ఫిట్స్ వచ్చి పడిపోతే చుట్టూ మూగినవాళ్ళు ఇప్పటికీ తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెడతారు. వాళ్ళను తప్పుపట్టలేం. పడినవాణ్ణి పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టాలని వాళ్ళకు చెప్పినవారు లేరు. నిలదీయాల్సింది వైద్య వ్యవస్థను. చాదర్‌ఘాట్ వంతెన దాటి పంజాగుట్ట వెళ్తే నిమ్స్ ఉంది. మూర్ఛకు ఆపరేషన్లు చేసే నగరమిది. అయినా మాత్రలు మార్చుకుంటూ ఏళ్ళు వెళ్ళదీస్తున్నవాళ్ళు మన బస్తీల్లోనే ఉన్నారు.

మూర్ఛ రోగుల్లో మూడింట రెండొంతుల మందికి మందులతోనే ఫిట్స్ అదుపులోకి వస్తాయి. మా ఆగ్రహం మిగిలిన మూడోవంతు గురించి. సరైన మందులు రెండు సక్రమంగా వాడినా ఫిట్స్ ఆగకపోతే అది మందులకు లొంగని మూర్ఛేనని ఇంటర్నేషనల్ లీగ్ అగెయినెస్ట్ ఎపిలెప్సీ 2010లోనే తేల్చింది. అప్పుడిక రోగిని మూర్ఛ శస్త్రచికిత్స కేంద్రానికి పంపాలి. పంపరు. ఇంకో మాత్ర కలిపి, మూడు నెలలాగి రమ్మంటారు.

ఆపరేషన్‌కు ముందు ఫిట్ పుట్టే చోటు కనిపెట్టాలి. ఎమ్మారైలో మచ్చ స్పష్టంగా కనిపిస్తే దారి సులువు. కనిపించనప్పుడే తరచు ఎలక్ట్రోడ్లు కావాల్సి వస్తాయి. పుర్రెకు చిన్నచిన్న రంధ్రాలు వేసి, దాదాపు మిల్లీమీటరు మందం తీగలను మెదడు లోతుల్లోకి దించుతారు. తలకు కట్టు, కట్టులోంచి జడలా దిగిన తీగలు, ఎదురుగా రాత్రింబవళ్ళు కెమెరా. మందులు తగ్గించి, వారం పది రోజులు ఫిట్స్ కోసమే కాచుకుంటారు. ఇన్నేళ్ళూ రావద్దని మొక్కుకున్న తల్లి ఆ గదిలో రావాలని మొక్కుకుంటుంది. ఫిట్ ఎక్కడ పుడుతోందో తీగలు పట్టిస్తాయి. వాటిలోంచే కాస్త కరెంటు పంపి, మాటకు, చేతి కదలికకు ఆధారమైన చోట్లు గుర్తిస్తారు, కోతలో అవి పోకుండా. పారిస్‌లో తలైరాక్, బాంకో 1950లలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. కొత్తదన్న సాకు చెల్లదు. రక్తస్రావం, ఇన్ఫెక్షన్ ముప్పు కొంత ఉన్నమాట నిజం. అదుపులేని మూర్ఛ నిద్రలోనే ప్రాణం తీయగలదన్న సంగతి మాత్రం ఎన్ని ఇళ్ళకు చెబుతున్నారు?

ఢిల్లీ ఎయిమ్స్‌లో మందులకు లొంగని మూర్ఛ ఉన్న 116 మంది పిల్లలపై జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. ఏడాది తిరిగేసరికి ఆపరేషన్ అయినవారిలో 77 శాతం మందికి ఫిట్స్ లేవు. మందులతోనే సరిపెట్టినవారిలో 7 శాతం మందికే ఆ భాగ్యం. ఇంత తేడా తెలిశాక కూడా ఆలస్యం చేయడాన్ని జాగ్రత్త అనలేం.

కోయడానికి వీల్లేని చోట ఫిట్ పుడుతుంటే ఎలక్ట్రోడ్లే చికిత్స కూడా కాగలవు. ఫిట్ మొదలవగానే పసిగట్టి కరెంటుతో అణచే పరికరానికి అమెరికా 2013లో అనుమతిచ్చింది. మెదడు లోతుల్లో అమర్చిన ఎలక్ట్రోడ్లతో కరెంటు పంపే డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) చికిత్సనూ 2018లో మూర్ఛకు అనుమతించింది. ఆ డీబీఎస్‌ను పార్కిన్సన్స్ రోగులకు హైదరాబాద్‌లో ఏనాటి నుంచో అమరుస్తున్నారు.

2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగింది. కెమెరా నిఘాలో మెదడు తరంగాలు నమోదు చేసే వీడియో ఈఈజీ మొదలు ఎలక్ట్రోడ్లు, ఆపరేషన్ దాకా అందులో ఏది వస్తుందో, ఏది రాదో మలక్‌పేట ఏరియా ఆసుపత్రి గోడ మీద తెలుగులో, ఉర్దూలో రాసి పెట్టాలి. రానిదాన్ని చేర్చాలి. రెండు మందులు ఓడిన రోగిని పై కేంద్రానికి పంపి తీరాలన్న నియమం ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో అమలు కావాలి.

మీ ఇంట్లో అలాంటివారుంటే మాత్రలు సొంతంగా ఆపకండి. ఈసారి చీటీ రాయించుకునే ముందు డాక్టరును నేరుగా అడగండి: మావాణ్ణి ఆపరేషన్ కేంద్రానికి ఇంకా ఎందుకు పంపలేదు?