మాటాడని ఉపగ్రహము

శ్రీహరికోటనుండి లేచిన రాకెట్టు, తాను మోయు పెద్ద ఉపగ్రహముతోపాటు ఏదో యొక కళాశాల విద్యార్థులు నిర్మించిన చిన్న ఉపగ్రహమును గూడ కక్ష్యలో విడిచివచ్చిన మరునాడు, మన పత్రికలలో ఆ విద్యార్థుల ఛాయాచిత్రము, వారి నడుమ శాలువ కప్పుకొన్న ప్రిన్సిపాలుగారి చిరునవ్వు, క్రింద ఉపగ్రహము బరువెంతయో తెలుపు నాలుగు వాక్యములు తప్పక కానవచ్చును. నెలదినములు గడచిన పిమ్మట ఆ ఉపగ్రహము మాటాడినదా, మాటాడకున్న ఎందుచేత మాటాడలేదు అని అడుగువారు మాత్రము అరుదు. విద్యార్థుల ఉపగ్రహమునకు విలువ కట్టవలసినది ఆ ప్రశ్నకు వారీయగల సమాధానమునుబట్టియే యని నా నమ్మకము.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున బాబ్ ట్విగ్స్, కాలిఫోర్నియా పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయమున జోర్డి పుయిగ్-సువారీ అను ఇద్దరాచార్యులు 1999లో పది సెంటీమీటర్ల ఘనమును ప్రమాణముగా నిర్ణయించి దానికి క్యూబ్‌శాట్ అని పేరిడుటకు వారిని పురికొల్పినది విద్యార్థి కళాశాలలో నుండు కాలము యొక్క స్వల్పత్వమే. ఉపగ్రహము పెద్దదైన కొలది పూర్తియగుటకు పట్టు కాలము పెరుగును; కాలము పెరిగిన కొలది దాని నమూనా గీచిన విద్యార్థి పట్టము పుచ్చుకొని వెడలిపోవును; గీచినవానికి ఫలము తెలియదు, ఫలము చూచినవానికి ఆ గీత యెందుకట్లున్నదో తెలియదు. పెట్టె కొలత బిగించినచో లోపలి కోరికలు తామే తగ్గునని ఆ పెద్దలు తలంచిరి. 2003 జూన్ 30న రష్యాలోని ప్లెసెత్స్క్ నుండి మొదటి క్యూబ్‌శాట్లు బయలుదేరినవి. టోక్యో విద్యార్థుల సై-ఫోర్ అను పెట్టె ఏండ్ల తరబడి పలుకుచునే యుండగా, దానితో నొకే రాకెట్టులో ప్రయాణము చేసిన డెన్మార్కు సాంకేతిక విశ్వవిద్యాలయము వారి డి.టి.యు.శాట్, టొరాంటో విద్యార్థుల క్యాన్‌ఎక్స్-1 ఒక్క మాటయైన పలుకలేదు.

ఇట్టి మౌనమునకు మూలము తఱచుగా మిక్కిలి చిన్నదై యుండును. భూమికి ఆరువందల కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహము దాదాపు 97 నిమిషములకొక పరి భూప్రదక్షిణము చేయును. అందు ఇంచుమించు మూడవవంతు కాలము భూచ్ఛాయలో గడపును. కావున దినమునకు పదునాలుగు పదునైదు మారులు ఎండకు కాగి చీకటికి చల్లారు దాని యొడలిలో, ప్రతి సోల్డరింగు అతుకును సాగి ముడుచుకొనుచుండును. పది సెంటీమీటర్ల పెట్టె పైనున్న సౌరఫలకములు ఇచ్చు శక్తి సుమారు రెండు వాట్లు. ఆ కొలదిపాటి శక్తితోనే కంప్యూటరు, రేడియో, బ్యాటరీ సంసారము నడుపవలెను. యాంటెన్నా యన్ననో, చుట్టచుట్టి నైలాను దారముతో కట్టిన పలుచని రేకు. రాకెట్టునుండి వేరుపడి, తోడివానికి హాని కలుగకుండ అరగంట వేచిన తరువాత, సన్నని తీగ వేడెక్కి ఆ దారమును కాల్చి తెంపవలెను. దారము తెగకున్న, తక్కిన అవయవములన్నియు ఆరోగ్యముగ నున్నను ఉపగ్రహము మూగది. ప్రయోగశాలలో బల్లమీద నూరు మారులు చక్కగా తెగిన దారము, గాలిలేని చోట, బ్యాటరీ చలికి నీరసించిన వేళ తెగునో తెగదో థర్మోవ్యాక్ ఛాంబరులో పెట్టి చూచినగాని తెలియదు. వైబ్రేషన్ టేబులు పరీక్షయు నిట్టిదే: రాకెట్టు కుదుపును మూడు దిక్కులను అనుకరించి, కుదుపునకు ముందును తరువాతను పెట్టె సహజ కంపనమును కొలువగా ఆ రెండు లెక్కలును కలియకున్నచో, పైకేమియు కానరాకున్నను లోపల నొక మరచీల వదులైనదని అర్థము. పెట్టె విప్పి, ఆ మరచీలను వెదకి పట్టుకొన్న కుఱ్ఱవాడు ఆ దినమున నేర్చుకొన్నది ఏ పాఠ్యగ్రంథమునను లేదు.

పెట్టెలో దోషము లేకున్నను ఆజ్ఞలో దోషముండవచ్చును. ఇంగ్లండులో సర్రే విశ్వవిద్యాలయము వారు 1981లో పంపిన యు.ఓ.శాట్-1 మరుసటి యేడు, ఇట్టి దోషముచే తన రెండు ప్రసారిణులును ఒక్కమారుగా మ్రోగుటవలన తన చెవులు తానే మూసికొని భూమినుండి వచ్చు ఆజ్ఞలు వినలేకపోగా, స్టాన్‌ఫర్డులోని నూటయేబది అడుగుల డిష్షుతో గట్టిగా అఱచి దానిని దారికి తేవలసివచ్చినది.

మన దేశమున 2009 ఏప్రిల్ 20న అన్నా విశ్వవిద్యాలయము వారి అనుశాట్, 2010 జూలై 12న బెంగుళూరు, హైదరాబాదు నగరముల ఏడు ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు కూడి చేసిన, కిలోగ్రాముకు లోపు బరువుగల స్టడ్‌శాట్, మరుసటి యేడు కాన్పూరు ఐ.ఐ.టి. వారి జుగ్ను కక్ష్యకెక్కినవి. బొంబాయి ఐ.ఐ.టి. వారి ప్రథమ్ కథ వేరు. 2007లో ఆరంభించిన పని 2016 సెప్టెంబరు 26న గగనమునకేగినది. నడుమ ఎన్ని తరగతులు వచ్చిపోయెనో! ఆరంభించినవారు ఉద్యోగములలో స్థిరపడిరి, ముగించినవారు ఆరంభకాలమున హైస్కూలు పిల్లలు. ఇట్టిచోట ఉపగ్రహముకంటె విలువైనది సీనియరు జూనియరున కప్పగించు నోటుపుస్తకము. ఏ తీగ ఎందుకు మార్చిరో, ఏ పరీక్షలో ఏది విఫలమైనదో అందు వ్రాయకున్నచో ప్రతి తరగతియు ఓనమాలు దిద్దుకొనవలసినదే.

ఈనాడు కొన్నిచోట్ల బోర్డులన్నియు కొని, పెట్టె బిగించి, పైన కళాశాల ముద్ర వేయు పద్ధతియు ప్రవేశించినది. కొనుట పాపమని నేననను. పదిమంది ఉపయోగించి చూచిన రేడియో కొనుట, రెండేండ్లు శ్రమపడి మరియొక రేడియో చేయుటకంటె మేలే. కొన్నదానిని పరీక్షింపక పంపుటయే నాకు గిట్టదు. (పరీక్షకు కేటాయించిన నెలలు ముహూర్తము దగ్గరపడిన కొలది కరగిపోవుట పెండ్లి పనులు చేసినవారికి వింతగా తోపదు.)

2022 ఆగస్టు 7న, డెబ్బదియైదు పాఠశాలల ఏడువందల యేబదిమంది బాలికలు పాలుగొన్న ఆజాదీశాట్ ఇస్రోవారి క్రొత్త ఎస్.ఎస్.ఎల్.వి. రాకెట్టుతోపాటు నష్టమైనది. రెండవ దశ విడివడునపుడు పుట్టిన ప్రకంపనమునకు యాక్సిలరోమీటర్లు క్షణకాలము హద్దు మీరగా, అవి చెడినవని రాకెట్టులోని కంప్యూటరు తీర్మానించుకొన్నదని ఇస్రోవారే దేశమునకు వివరించిరి. 2023 ఫిబ్రవరి 10న రెండవ ఆజాదీశాట్‌ను చేర్చవలసిన చోట చేర్చిరి. అంతటి సంస్థ బిడియపడక తన లోపమును ప్రకటించినపుడు, కళాశాలలు తమ పరీక్షల ఫలితములను, మౌనమునకు తాము ఊహించిన కారణములను అచ్చువేయుటకు సంకోచించుట నాకు బోధపడదు. శాలువల ఖర్చులో నాలుగవవంతుతో ఆ పుస్తకము వెలువడును.

ఉపగ్రహము చేయు స్తోమత లేని కళాశాలకు గూడ ఈ విద్యలో ప్రవేశమునకు త్రోవ గలదు. ప్రథమ్ సంకేతములను వినుటకు ఇతర కళాశాలల విద్యార్థులను గూడ బొంబాయి ఐ.ఐ.టి. వారు ప్రోత్సహించిరి. నేడు సాట్‌నాగ్స్ అను పేర దేశదేశముల ఔత్సాహికులు తమ మిద్దెలమీది యాంటెన్నాలను ఒక వలగా కూర్చి, ఎవరి ఉపగ్రహమైనను వినిపెట్టుచున్నారు. శ్రీకాకుళములోనో ఆదిలాబాదులోనో ఒక డిగ్రీ కళాశాల మిద్దెపై చిన్న యాంటెన్నా నిలిపి, చౌక రేడియో నొకటి తగిలించినచో, దినమునకు కొన్ని మారులు, మారునకు పదినిమిషములు, తలమీదుగా సాగిపోవు ఉపగ్రహముల పలుకులు విద్యార్థులకు వినవచ్చును. నిర్మాతల కందని సంకేతము వారి చెవిని పడినచో, అది ఆ నిర్మాతలకు వ్రాసి పంపవచ్చును.