లెక్క రాసే మనుషులు, మన తెలుగు బళ్లు

భాషా మైనారిటీ బడి బతుకు చాలావరకు రెండు అంకెల మీద నిలబడి ఉంది. తరగతిలో 10 మంది గానీ, బడి మొత్తంలో 40 మంది గానీ తమ మాతృభాషలో చదువు కోరితే ఆ భాషకు ఉపాధ్యాయుణ్ణి నియమించాలని 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఏ అధికరణం చెబుతోంది. హక్కు కాగితం మీద ఉంది. అది బడి గుమ్మం దాకా రావాలంటే ఎవరో ఒకరు ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని లెక్కపెట్టాలి, ఏ ఇంట్లో ఏ భాష మాట్లాడుతున్నారో రాయాలి, పిల్లలు ఏ మేరకు చదవగలుగుతున్నారో చూడాలి. ఆ పని చేసే మనుషుల గురించి మనం పెద్దగా మాట్లాడుకోం. హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు తెలుగు బళ్లకు మాత్రం వారి పని చాలా ముఖ్యం.

ప్రభుత్వ గణాంక శాఖలు కాక, సామాజిక విధానాలపై పరిశోధన చేసే సంస్థలు దేశంలో చాలా ఉన్నాయి. మాల్కం ఆదిశేషయ్య 1971లో చెన్నైలో మద్రాసు అభివృద్ధి అధ్యయన సంస్థను స్థాపించారు. హైదరాబాదులోని ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం 1980లో మొదలైంది. ఇలాంటి సంస్థలకు 1969లో ఏర్పడిన భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి అండగా ఉంటోంది. ప్రభుత్వం ఒక పథకం తెచ్చినా, మార్చినా ఇలాంటి సంస్థల నివేదికల్ని ఆధారంగా చూపడం మామూలే.

ఆ నివేదికల అట్ట మీద ప్రొఫెసర్ల పేర్లుంటాయి. వారు ప్రశ్నను రూపొందిస్తారు, ఏ ఊళ్లకు వెళ్లాలో ఎంపిక చేస్తారు, చివరికి విశ్లేషణ రాస్తారు. వారి కింద పరిశోధన సహాయకులుంటారు. ప్రశ్నపత్రాన్ని స్థానిక భాషలోకి మార్చేవారు, వచ్చిన జవాబుల్లో తప్పులు సరిచూసేవారు ఉంటారు. అందరికంటే చివర, ఎండలో బస్సు దిగి మన ఇంటి తలుపు తట్టే క్షేత్ర పరిశోధకులుంటారు. వీరిలో చాలామంది కొద్ది నెలల ఒప్పందం మీద పనిచేసే యువతీ యువకులే. రోజుకు ఇన్ని ఇళ్లు పూర్తి చేయాలన్న ఒత్తిడి వారి మీద ఉంటుంది. పని ముగిస్తే మరో సర్వే వెతుక్కోవాలి. నివేదికలో వారికి దక్కేది ధన్యవాదాల పేజీలో ఒక వాక్యం. కానీ ప్రొఫెసరు విశ్లేషించేది ఆ అమ్మాయో అబ్బాయో రాసిన జవాబునే. అక్కడ తప్పు పడితే పైన ఎంత చదువున్నా దిద్దలేరు.

ఆ పని బాగా జరిగితే ఎలా ఉంటుందో తెలుగు నేల మీదే ఒక ఉదాహరణ ఉంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కేంద్రంగా నడిచిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002 నుంచి ఇథియోపియా, భారత్, పెరూ, వియత్నాం దేశాల్లో దాదాపు 12,000 మంది పిల్లల జీవితాలను గమనిస్తూ వచ్చింది. మన దేశంలో దాదాపు 3,000 మంది పిల్లలు, అంతా అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాళ్లే. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్ జిల్లాలతో పాటు హైదరాబాదులోనూ ఈ పని జరిగింది. హైదరాబాదు ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం ఇందులో భాగస్వామి. కొన్నేళ్లకోసారి అదే పిల్లవాడి దగ్గరికి మళ్లీ వెళ్లాలి. ఈలోగా కుటుంబం వలస పోయి ఉంటుంది, ఆడపిల్లకు పెళ్లి అయిపోయి ఉంటుంది. క్షేత్ర సిబ్బంది వారి జాడ పట్టుకుని వెళ్లబట్టే ఆ అధ్యయనానికి విలువ వచ్చింది. వేర్వేరు భాషల పిల్లల మార్కుల్ని పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరమని ఆ పరిశోధకులే హెచ్చరించారు. పరీక్ష భాష పిల్లవాడి భాష కానప్పుడు తక్కువ మార్కు వచ్చిందంటే, అది తెలివి తక్కువై వచ్చిందో భాష రాక వచ్చిందో చెప్పలేం.

ఇదే ప్రశ్న ‘అసర్’ సర్వే విషయంలోనూ వేసుకోవాలి. ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన ఈ సర్వేలో గ్రామీణ జిల్లాకు 30 ఊళ్లు, ఊరికి 20 ఇళ్లు ఎంచుకుంటారు. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ వరుసగా పిల్లల చేత చదివిస్తారు. 2024లో 605 జిల్లాల్లో దాదాపు ఆరున్నర లక్షల మంది పిల్లల్ని కలిశారు. ఇంటికి వెళ్లేవారిలో ఎక్కువమంది స్థానిక కళాశాలల విద్యార్థులు, స్వచ్ఛంద కార్యకర్తలు. ఇలాంటి సర్వే ఏది వచ్చినా సూళగిరిలోనో బేరికెలోనో మన పిల్లవాడి ముందు ఏ భాష కాగితం పెట్టారన్నదే మొదట చూడాల్సింది. తెలుగు కథ గడగడా చదివే మూడో తరగతి పాప తమిళ పేరా దగ్గర ఆగిపోతే, లెక్కలో ఆ పాప ‘చదవలేనిది’ అవుతుంది. తప్పు పాపది కాదు, బడిది కూడా కాదు.

హోసూరులో ఈ చిక్కు మరీ ఎక్కువ. ఇక్కడ తెలుగు, తమిళం, కన్నడం ఒకే వీధిలో వినిపిస్తాయి. మార్కెట్లో తమిళం, ఇంట్లో తెలుగు, బెంగళూరు పనికి వెళితే కన్నడం. వచ్చినవారు తమిళంలో అడిగితే మనవాళ్లు మర్యాదకొద్దీ తమిళంలోనే జవాబు చెబుతారు. అలా తమిళంలోనే అడిగి, ఇంటి భాష ఏమిటన్న ప్రశ్న వేయకుండానే కాగితం నింపుకుని వెళ్లిన సర్వేలను మేము చూశాం. వారికి మన మీద కోపమేమీ లేదు. తెలుగు రాదు, టైము లేదు, అంతే. కానీ ఫలితం ఒకటే. ఒక తెలుగు ఇల్లు లెక్కలోంచి జారిపోతుంది. అలా పది ఇళ్లు జారితే రేపు ‘ఇక్కడ తెలుగు ఉపాధ్యాయుడెందుకు?’ అన్న ప్రశ్నకు ఆధారం దొరుకుతుంది.

2011 జనగణన ప్రకారం తమిళనాడు జనాభాలో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవారు 5.87 శాతం. 2027 మార్చి 1 నాటి లెక్కగా రానున్న జనగణన ఈ అంకెను మళ్లీ రాస్తుంది. జనగణన దృష్టిలో మాతృభాష అంటే చిన్నతనంలో తల్లి మనతో మాట్లాడిన భాష. బయట ఏ భాష మాట్లాడుతున్నామన్నది వేరే సంగతి. తెలిసిన మరో రెండు భాషలు రాయించడానికి విడిగా చోటుంటుంది. కాబట్టి తెలుగు రాయిస్తే తమిళానికి ద్రోహం చేసినట్టు కాదు. తమిళాన్ని తెలిసిన భాషగా రాయించవచ్చు, రాయించాలి కూడా. ఇంకో సంగతి. 2011లో ప్రజలు మాతృభాషలుగా చెప్పిన పేర్లు 19,569. వాటిని పరిశీలించి 1,369 మాతృభాషలుగా, చివరికి 121 భాషలుగా కూర్చారు. కులం పేరో, ప్రాంతం పేరో చెప్పి ఆ జల్లెడకు వదిలేయడం కంటే ‘తెలుగు’ అని స్పష్టంగా చెప్పడం మేలు.

లెక్కలు, సర్వేలు మనకెందుకు, హక్కు హక్కే కదా అనేవారున్నారు. హక్కు హక్కే. కానీ 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక జరిగింది గుర్తు చేసుకుందాం. ఒకటో తరగతి నుంచి మెట్టుమెట్టుగా తమిళం తప్పనిసరి అయి పదో తరగతికి చేరేసరికి భాషా మైనారిటీ విద్యార్థులు న్యాయస్థానాల తలుపు తట్టవలసి వచ్చింది. మినహాయింపులు తాత్కాలికంగానే దొరికాయి. 2023లో సుప్రీంకోర్టు ఇచ్చింది కూడా ఒక ఏడాది పొడిగింపే. ఏటా గడువు కోరడం కాక శాశ్వత పరిష్కారం అడగాలంటే ఆధారం చూపాలి. తెలుగు మాధ్యమం పిల్లలు తమిళం ఏ తరగతిలో మొదలుపెడితే బాగా నేర్చుకుంటున్నారు? తమిళ ఉపాధ్యాయుడు లేని బడిలో ఏమవుతోంది? మధ్యలో మానేసినవారు ఎంతమంది? ఈ ప్రశ్నలకు ఆవేశంతో జవాబు రాదు. ఓపికగా ఊరూరూ తిరిగినవారి నోటు పుస్తకం నుంచే వస్తుంది.

అందుకే సర్వేకు వచ్చినవారిని అనుమానంగా చూసి పంపేయవద్దు. రేషన్ కార్డు పోతుందేమోనని తల్లిదండ్రులు భయపడితే మనమే పక్కన నిలబడి ధైర్యం చెప్పాలి. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి నాలుగు సంగతులు అడగాలి. మీరు ఏ సంస్థ తరఫున వచ్చారు? ప్రశ్నపత్రం తెలుగులో ఉందా? ఇంటి భాష, బడి భాష విడివిడిగా రాస్తున్నారా? ఫలితాలు మా ఊరికి తిరిగి చెబుతారా? మంచి పరిశోధకులు ఈ ప్రశ్నలకు సంతోషిస్తారు. మన వైపు నుంచి చేర్పుల రిజిస్టరులో మాతృభాష గడి ఖాళీగా వదలకూడదు. ఏటా నింపే యూడైస్ వివరాల్లో బోధనా మాధ్యమం, పిల్లల సంఖ్య సరిగా ఉన్నాయో లేదో ప్రధానోపాధ్యాయులు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. పరిశోధకుల లెక్కలు మొదలయ్యేది చాలాసార్లు అక్కడి నుంచే.

చివరిగా మన పూర్వ విద్యార్థులకు ఒక మాట. తెలుగులో చదివి, తమిళం రాసి, కన్నడం మాట్లాడి, ఇంగ్లీషులో డిగ్రీ చేసిన పిల్లలు హోసూరు చుట్టూ ఎందరో ఉన్నారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒప్పంద కూలికి నిలబడే ఆ పిల్లలకు, ఒకే ఇంట్లో మూడు భాషల్లో ప్రశ్న అడగగలగడం ఎంత అరుదైన విద్యో తెలియదు. అర్థశాస్త్రం, సామాజిక శాస్త్రం, గణాంక శాస్త్రం చదవమని వారికి చెబుదాం. ఈ ఉద్యోగంలో జీతం మొదట్లో తక్కువ, తిరుగుడు ఎక్కువ. అది దాచకుండానే చెబుదాం. మన ఇళ్లకు వచ్చేవారిలో మన భాష తెలిసినవారు ఉన్న రోజున, మన పిల్లలు ఉన్నంతమందీ లెక్కలోకి వస్తారు.